దానచింతామణి అత్తిమబ్బె

దక్షిణాపథ చరిత్రను తెరచి చూచినచో రాజుల పేర్లు, యుద్ధముల పేర్లు పుటపుటను కనబడును. స్త్రీల పేర్లు అరుదు. కనబడినచోటను ఫలానా రాజునకు పట్టమహిషి యనియో, ఫలానా దండనాయకునకు తల్లి యనియో చెప్పి శాసనము ముందునకు సాగిపోవును. ఇట్టి చరిత్రలో సింహాసన మెక్కకయే, సేనలను నడపకయే, తన ధనమును తన వివేకమును సాధనములుగా చేసికొని వేయి సంవత్సరములకు పైగా పేరు నిలుపుకొన్న వనిత యొకతె కలదు. ఆమెయే దానచింతామణి అత్తిమబ్బె. కన్నడదేశ మామెను తన ఆడపడుచుగా గౌరవించుచున్నది. ఆమె పుట్టినింటివారి మూలము మాత్రము తెలుగునాటి వేంగీమండలము.

వేంగీమండలమున కమ్మనాడు అను సీమ కలదు. నేటి గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రాంతమే నాటి కమ్మనాడు. ఆ సీమలోని పుంగనూరున నాగమయ్య యను జినభక్తుడు నివసించెను. ఆయన కౌండిన్య గోత్రమునకు చెందిన బ్రాహ్మణుడు. ఆయన కుమారులు మల్లపయ్య, పున్నమయ్య. ఈ సోదరులు శౌర్యమునందును విద్యాభిమానమునందును పేరుగన్నవారు. తమ గురువగు జినచంద్రుని స్మృత్యర్థము వీరు పొన్న మహాకవిచేత శాంతిపురాణమును వ్రాయించిరి. పొన్నడు రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణునిచే ఉభయకవిచక్రవర్తి బిరుదము నందినవాడు. పున్నమయ్య యుద్ధమున వీరమరణము నొందెను. మల్లపయ్యకు అప్పకబ్బె వలన కలిగిన బిడ్డలలో అత్తిమబ్బె, గుండమబ్బె యను అక్కచెల్లెండ్రు ప్రసిద్ధులు.

ఆనాటి వేంగిలో స్త్రీలు దానధర్మములలో ముందుండుట క్రొత్త కాదు. తూర్పు చాళుక్య వంశ స్థాపకుడగు కుబ్జవిష్ణువర్ధనుని రాణి అయ్యణ మహాదేవి బెజవాడలోని నడుంబివసతి యను జైనాలయమునకు ముషినికొండ గ్రామమును దానముచేసెను. రెండవ అమ్మరాజు కాలమున చామెకాంబ యను శ్రావిక కోరికపై కలుచుంబఱ్ఱు గ్రామము సర్వలోకాశ్రయ జినభవనమున కీయబడెను. ఆదికవి పంపని పూర్వులును వేంగివారే. ఆయన సోదరుడు జినవల్లభుడు నేటి కరీంనగరు ప్రాంతపు కుర్క్యాల గుట్టపై వ్రాయించిన శాసనమున తెలుగు కందపద్యములు నేటికిని కనబడును. కన్నడ తెలుగు నాడులు రెండింటిని ఒక్క ముంగిలిగా భావించిన కుటుంబములివి. అట్టి ఇంటిలో పురాణశ్రవణము వినుచు అత్తిమబ్బె పెరిగెను.

క్రీ. శ. 973లో చాళుక్య తైలపుడు రాష్ట్రకూటులను కూలద్రోసి కల్యాణి చాళుక్యరాజ్యమును నెలకొల్పెను. ఆయన మంత్రులలో ప్రముఖుడు దల్లపుడు. ఆ దల్లపుని కుమారుడు నాగదేవుడు గొప్ప యోధుడు. మల్లపయ్య తన కుమార్తెల నిద్దరిని నాగదేవునికే ఇచ్చి వివాహము చేసెను. అత్తిమబ్బెకు అణ్ణిగదేవుడను కుమారుడు కలిగెను. ఇతడే తరువాత పడువళ తైలుడని ప్రఖ్యాతి గాంచెను. పుట్టినిల్లు, మెట్టినిల్లు రెండును సిరిసంపదలతో తులతూగుచుండగా నాగదేవుడు యుద్ధమున మరణించెను.

అప్పు డా యింట రెండు దారులు ఏర్పడెను. చెల్లెలు గుండమబ్బె భర్తతో అగ్నిప్రవేశము చేసెను. వీరుని పత్ని సహగమనము చేసినచో లోకము ఆమెను కీర్తించి, శిల నాటి మ్రొక్కెడి కాలమది. అక్కయగు అత్తిమబ్బె బ్రతికియుండుటకు నిశ్చయించెను. కుమారుడు చిన్నవాడు, వాని నిలువబెట్టవలసిన భారము తల్లిది. ఆమె వ్రతోపవాసములతో శరీరమును కృశింపజేసికొని, భోగములను విడిచి, శ్రావికాధర్మమును కఠినముగా పాటించుచు జీవించెను. నాటి సమాజమున విధవ బ్రతుకు ఎంత కష్టమో వేరుగ చెప్పనక్కరలేదు. మంగళకార్యములలో ఆమెకు చోటు లేదు. ఇంటి పెత్తనము సామాన్యముగా ఇతరుల చేతికి పోవును. అత్తిమబ్బె విషయమున అట్లు జరుగలేదు. ఆమె తన సంపదకు తానే యజమానురాలై, దానిని ఏ పనికి వెచ్చింపవలెనో తానే నిర్ణయించెను.

ఆమె చేసిన పనులలో మొదట చెప్పదగినది గ్రంథరక్షణము. తన తండ్రియు పినతండ్రియు వ్రాయించిన శాంతిపురాణమునకు వేయి ప్రతులు వ్రాయించి పంచిపెట్టెనని ప్రసిద్ధి. అచ్చుయంత్రములు లేని ఆ దినములలో ఈ కార్య మెంతటిదో ఊహించి చూడవలెను. తాటాకులను కోసి, పదునుచేసి, ఎండబెట్టి, సమానముగా కత్తిరింపవలెను. లేఖకుడు గంటముతో ఒక్కొక్క అక్షరమును గీయవలెను. పిమ్మట మసి పూసి తుడిచిననే అక్షరములు కంటికి కనబడును. ఆకులకు రంధ్రము చేసి త్రాట గ్రుచ్చి, చెక్కల నడుమ కట్టవలెను. చెదలు, పురుగులు, తేమ తగిలినచో అంతయు వ్యర్థము. ఒకటి రెండు ప్రతులే ఉన్న కావ్యము ఒక్క అగ్నిప్రమాదముతో నశించును. ఊరూర ప్రతులున్న కావ్యము నిలుచును. శాంతిపురాణము నేటికిని నిలిచియున్నది. రత్నఖచితములగు సువర్ణ జినప్రతిమలు 1500 చేయించి ఆమె దానమిచ్చెననియు చెప్పుదురు. ఆ ప్రతిమలకంటె ఈ తాటాకులకే ఎక్కువ ఆయువు కలిగినదనుట అతిశయోక్తి కాదు.

రెండవది కవిపోషణము. రన్నడు ముదువొళలు, అనగా నేటి ముధోళమున గాజులు అమ్ముకొను కుటుంబమున జన్మించినవాడు. విద్యాసక్తిచే శ్రవణబెళగొళమునకు పోయి అజితసేనాచార్యుని సన్నిధిని చదువుకొనెను; చావుండరాయని ఆదరము పొందెను. తైలపు డాయనకు కవిచక్రవర్తి బిరుద మొసగెను. అట్టి రాజకవిచేత అత్తిమబ్బె 993లో అజితపురాణమును వ్రాయించెను. రెండవ తీర్థంకరుడగు అజితనాథుని చరిత్ర మిది. పండ్రెండు ఆశ్వాసముల కావ్యము. రన్నడు ఆ కావ్యమున అత్తిమబ్బె వంశమును, గుణములను విస్తరించి వర్ణించెను. పుంగనూరు నాగమయ్య మొదలు అణ్ణిగదేవుని వరకు మనకు తెలిసిన కథకు ఆ వర్ణనయే ప్రధానాధారము. రాజులను పొగడు కవి ఒక విధవరాలి గుణములను కావ్యమున కెక్కించెను. అంతటితో తనియక తన కుమార్తెకు అత్తిమబ్బె యని పేరు పెట్టుకొనెను. గాజులు అమ్మిన ఇంటి బిడ్డ మహాకవి యగుటకును, విధవ కావ్యకర్త్రి కాకున్నను కావ్యకారణమగుటకును ఆ కాలమున అవకాశము దొరకెను.

మూడవది ఆలయనిర్మాణము. తైలపుని తరువాత ఆయన కుమారుడు సత్యాశ్రయుడు రాజ్యమునకు వచ్చెను. పడువళ తైలుడు మాసవాడి నూటనలువది నేలుచుండెను. తల్లి తీసికొన్న నిర్ణయము ఇట్లు ఫలించినది. 1007లో అత్తిమబ్బె లొక్కిగుండిలో జినాలయమును కట్టించి, రాజానుమతిని పొంది భూదానము నేర్పాటు చేసెను. ఆ లొక్కిగుండియే గదగు సమీపమందలి నేటి లక్కుండి. ఆలయము నేటికిని నిలిచియున్నది. బ్రహ్మజినాలయమని దానికి పేరు. లోపల చతుర్ముఖ బ్రహ్మ విగ్రహమును, పద్మావతీదేవి విగ్రహమును చూడవచ్చును.

ఆమె మహిమలను గూర్చి నాటివారు అనేక విధముల చెప్పుకొనిరి. గొమ్మటేశ్వరుని దర్శనార్థము ఆమె కొండ నెక్కుచుండగా అలసట తీర అకాలవర్షము కురిసెననియు, ఆమె ప్రభావముచే మదపుటేనుగు శాంతించెననియు ప్రతీతి. వీనిని భక్తుల విశ్వాసముగా గ్రహించినను, ఒక స్త్రీ యెడ ప్రజలకు గల గౌరవ మెట్టిదో వీనివలన తెలియును. గుణదంకకార్తి, కటకపవిత్ర మొదలగు బిరుదములు ఆమెకు కలవు. తరువాతి శతాబ్దముల జైన శాసనములలో దానశీలలగు స్త్రీలను అత్తిమబ్బెతో పోల్చి పొగడుట పరిపాటి అయినది.

అత్తిమబ్బెకు లభించిన స్వాతంత్ర్యము ఆ కాలపు స్త్రీలందరకు లభించినదని తలపరాదు. ఆమె దండనాయకుని కోడలు. ఆమె వెనుక మంత్రికుటుంబపు ఐశ్వర్యమును, రాజానుగ్రహమును ఉండెను. కుమ్మరి యింటి విధవకు, కాపు ఇంటి విధవకు అట్టి ఆధారము లేదు. అయినను కలిగినవారందరును ఆమెవలె వ్యయము చేయలేదు. ధనము ఆమెకు సాధనమైనది. దానిని చదువువైపు త్రిప్పినది ఆమె బుద్ధి. స్త్రీ చేతికి ఆస్తియు, చెవికి శాస్త్రమును, మాటకు విలువయు లభించినచోట సమాజమున కెంత మేలు కలుగునో ఆమె జీవితము నిరూపించినది.

కర్ణాటక ప్రభుత్వము దానచింతామణి అత్తిమబ్బె పేరిట పురస్కారమును నెలకొల్పి ఆమెను స్మరించుచున్నది. కన్నడసీమలో స్థిరపడిన తెలుగు కుటుంబములవారు హంపికిని, బాదామికిని యాత్ర పోవునప్పుడు గదగు నుండి కొద్ది దూరములోనున్న లక్కుండిని గూడ చూడవలెను. మన ఆడపిల్లలను వెంట తీసికొనిపోయి, ఈ గుడి కట్టించిన తల్లి పూర్వులు మన కమ్మనాటివారని వారికి చెప్పవలెను.