ముప్ఫై దాటాక మొదలైన చదువు

మొన్నొక రాత్రి వరండాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి పుస్తకం పట్టుకొచ్చింది. ఎలక్ట్రానూ పాజిట్రానూ ఢీకొంటే కొత్త కణాలు పుడతాయట, అవి ఎన్ని పుట్టాయో, ఏవి పుట్టాయో ఎలా కొలుస్తారమ్మా అనడిగింది. నేనూ బీఎస్సీ చదివినదాన్నే. పెళ్లయి ఈ పెదకూరపాడు వచ్చి పద్దెనిమిదేళ్లయింది. జవాబు నాలుక చివర్నే ఉన్నట్టుంది గానీ బయటికి రాలేదు. మర్చిపోయానే తల్లీ అని తలొంచుకున్నాను.

పనయ్యాక అటకమీది పాత పుస్తకాలు దింపాను. వాటితోపాటే కాలేజీ రోజుల్లో మా లెక్చరర్ చెప్పిన స్వామి జ్ఞానానంద గుర్తొచ్చారు. సన్యాసి అయ్యుండీ న్యూక్లియర్ ఫిజిక్స్ ప్రొఫెసర్ అయిన మనిషి.

ఆయన 1896లో భీమవరం దగ్గర గొరగనమూడిలో, భూపతిరాజు వారింట పుట్టారు. అసలు పేరు లక్ష్మీనరసింహరాజు. వయసులో ఉండగానే ఇల్లు వదిలి హిమాలయాలకు వెళ్లి కొన్నేళ్లు యోగసాధన చేశారు. 1927లో జర్మనీ వెళ్లారు. వెళ్లింది ఆధ్యాత్మిక విషయాలమీద. మనసు పడింది మాత్రం భౌతికశాస్త్రం మీద. అప్పటికాయనకు ముప్ఫై ఏళ్లు. ఈ వయసులో చదువేమిటి అనుకోకుండా డ్రెస్డెన్‌లో విద్యార్థిగా కూర్చున్నారు. తర్వాత ప్రాగ్ వెళ్లి ఎక్స్‌రేల మీద పరిశోధన చేసి 1936లో డీఎస్సీ అందుకున్నారు. ఆ తర్వాత ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో, న్యూట్రాన్‌ను కనిపెట్టిన చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పనిచేశారు.

మా అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరికింది. బీటా కిరణాలంటే అణుకేంద్రం నుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు, లేదా పాజిట్రాన్లు. పాజిట్రాన్ ఎలక్ట్రాన్‌కి కవలలాంటిదే, విద్యుదావేశం మాత్రం వ్యతిరేకం. అయస్కాంతం మధ్యకు రాగానే ఒకటి ఇటూ ఒకటి అటూ వంగుతాయి. జోరుమీదున్న సైకిలు మలుపులో వెడల్పుగా తిరిగినట్టు, జోరెక్కువున్న కణం తక్కువ వంగుతుంది. ఆ వంపుని బట్టే దాని జోరు కొలుస్తారు. జెనీవా దగ్గర 27 కిలోమీటర్ల గుండ్రటి సొరంగంలో 1989 నుంచి 2000 దాకా ఎలక్ట్రాన్లనీ పాజిట్రాన్లనీ ఎదురెదురుగా తిప్పి ఢీకొట్టించారు. అక్కడా పుట్టిన కణాల జాడల్ని అయస్కాంతంలో వంచే కొలిచారు. యంత్రం కొండంతైనా కిటుకు అదే.

ఆ గొట్టాల్లో గాలి ఉంటే కణాలు దాన్నే గుద్దుకుని దారి తప్పుతాయి. ఫ్లాస్కు రెండు గోడల మధ్య గాలి తీసేసినట్టు, అంతకన్నా ఎన్నో రెట్లు శుభ్రంగా తీసేయాలి. ఆ శూన్యాన్ని సృష్టించడం, కొలవడం గురించి స్వామి రాసిన ఇంగ్లీషు పుస్తకం 1947లో అమెరికాలో అచ్చయింది. అలాంటి ఢీకొట్టించే యంత్రం మొదటిది ఇటలీలో పనిచేసింది 1961లో! ఆయన వాటి దగ్గర పనిచేయలేదు గానీ, వాటికి కావలసిన విద్యలు రెండూ ఆయన చేతిలో ఉన్నాయి.

స్వతంత్రం వచ్చాక ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసి, తర్వాత విశాఖ చేరి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖను నిలబెట్టారు. 1969లో కన్నుమూశారు. అక్కడి ప్రయోగశాలలకు ఆయన పేరే పెట్టారు.

ఒక్కమాట మాత్రం మనసులో మెదులుతూనే ఉంది. ఆయన ఇల్లు వదిలి వెళ్లగలిగారు. పొద్దున్నే పాలు కాయాలనీ, మామగారికి మాత్రలివ్వాలనీ ఆయన్ని ఆపినవాళ్లు లేరు. మనం ఇల్లు వదలక్కర్లేకుండా చదవడమెలాగో ఆయన జీవితం చెప్పదు. అది మనమే కనిపెట్టుకోవాలి. అయినా డీఎస్సీ వచ్చేసరికి ఆయనకు ముప్ఫై తొమ్మిది నిండాయి. నాకిప్పుడు ముప్ఫై ఎనిమిది.

మర్నాడు స్టీలు గ్లాసు కింద అయస్కాంతం పెట్టి, పైన ఇనుపరజను చల్లి అమ్మాయికి తెలిసినంతా చెప్పాను. మధ్యలో రెండుచోట్ల అదే నన్ను దిద్దింది. బీరువాలో చీరల కింద దూరవిద్య ఎమ్మెస్సీ దరఖాస్తు ఒకటి ఎప్పట్నుంచో ఉంది. నిన్న రాత్రి నింపాను. మావారికి చెప్పాను, ఊఁ అన్నారు. అత్తయ్యగారికి ఇంకా చెప్పలేదు. గడువు పది రోజులుంది.