తాగుడు వెనక దాహాన్ని చూసిన డాక్టర్

రోటోటూనా (న్యూజిలాండ్): హామిల్టన్ నగరానికి ఉత్తరపు అంచున ఉన్న మా రోటోటూనాలో శుక్రవారం వచ్చిందంటే అందరం వారం షిఫ్టులు ముగించుకుని ఇల్లు చేరతాం. ఊరికి ఫోన్ చేసి అమ్మకు అంతా బాగానే ఉందని చెబుతాం. ఫోన్ పెట్టేశాక ఒంటరిగా సీసా మూత తీసేవాళ్లు మనలోనూ ఉన్నారు. పండగనాటి పెగ్గు రోజువారీ పెగ్గవడం, ఆ తర్వాత లెక్క తప్పడం మనకు తెలియనివి కావు. తెలిసినా పైకి చెప్పుకోం, పరువు పోతుందని భయం. అందుకే ఈసారి స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్ గురించి చెప్పుకుందాం.

యూంగ్ 1875 జులై 26న కెస్విల్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి చర్చి పాస్టర్. బాసెల్‌లో వైద్యం చదివి, 1900 డిసెంబర్‌లో జ్యూరిచ్‌లోని బుర్గ్‌హోల్జ్‌లి మానసిక వైద్యశాలలో ఉద్యోగంలో చేరారు. అక్కడ డాక్టర్లు కూడా మద్యానికి దూరంగా ఉండాలన్నది పద్ధతి.

1907లో వియన్నా వెళ్లి ఫ్రాయిడ్‌ను కలిశారు. ఆ స్నేహం 1913లో తెగిపోయింది. యూంగ్ బాగా కుంగిపోయారు. భయపెట్టే కలలు, దృశ్యాలు వెంటాడాయి. ఆయన వాటినుంచి పారిపోలేదు. కూర్చుని రాసుకున్నారు, బొమ్మలు వేసుకున్నారు. ఆ 'రెడ్ బుక్' ఆయన పోయిన 48 ఏళ్లకు, 2009లో అచ్చయింది. మనసు అడుగున ఉన్నదాన్ని తొక్కిపెడితే అది మరో రూపంలో పైకి వస్తుందన్న ఆయన నమ్మకం ఈ అనుభవంతో గట్టిపడింది.

1926లో రోలండ్ హజార్డ్ అనే అమెరికా వ్యాపారి తాగుడు మానలేక ఆయన దగ్గరకు వెళ్లాడు. డబ్బుకు కొదవ లేదు, చదువుకు కొదవ లేదు. వైద్యం చేయించుకున్నాడు, మళ్లీ తాగాడు. యూంగ్ దాపరికం లేకుండా చెప్పేశారు. తన వైద్యం ఇక పని చేయదని, లోపలినుంచి మనిషిని మార్చే ఆధ్యాత్మిక అనుభవం ఒక్కటే దారి కావచ్చని. అంత పేరున్న డాక్టర్ తన వల్ల కాదని ఒప్పుకోవడం చిన్న విషయమా?

ఆ మాటే చేతులు మారుతూ వెళ్లింది. హజార్డ్ ఒక ప్రార్థనా బృందంలో చేరి, ఎబీ థాచర్ అనే మరో తాగుబోతుకు చేయందించాడు. ఎబీ 1934 నవంబర్‌లో పాత మిత్రుడు బిల్ విల్సన్ ఇంటికెళ్లి తన సంగతి చెప్పాడు. విల్సన్ ఆ డిసెంబర్‌లోనే తాగుడు మానేశాడు. 1935లో డాక్టర్ బాబ్ స్మిత్‌తో కలిసి ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలుపెట్టాడు. ఇదంతా యూంగ్‌కు తెలియనే తెలియదు. 1961 జనవరిలో విల్సన్ కృతజ్ఞతతో ఉత్తరం రాశాకే తెలిసింది. యూంగ్ వెంటనే జవాబు రాశారు. తాగుడు కోరికలో కూడా ఆత్మ సంపూర్ణత్వం కోసం పడే దాహమే, దారి తప్పిన రూపంలో ఉంటుందన్నది దాని సారాంశం. అదే ఏడాది జూన్ 6న ఆయన కన్నుమూశారు.

యూంగ్ 1937 చివర్లో మన దేశానికీ వచ్చారు. మన తత్వాలంటే గౌరవం ఉన్నా, తన యూరప్ జనానికి మాత్రం అరువు సాధనలకంటే సొంత మూలాల్లో వెతుక్కోమనే చెప్పారు. ఆ లెక్కన మనకూ మన దారులున్నాయి. గుడో, మసీదో, చర్చో, ఊరి భజన పాటో, లేదా మనసు విప్పితే వినే ఒక్క మిత్రుడో.

అయితే ఒక హెచ్చరిక. ఆధ్యాత్మికత వైద్యానికి బదులు కాదు. ఏళ్ల తరబడి బాగా తాగినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వంటి ప్రమాదాలు రావచ్చు. ముందు డాక్టర్‌ని కలవాలి. మందులూ, కౌన్సెలింగూ ఉన్నాయి. న్యూజిలాండ్‌లో ఆల్కహాల్ డ్రగ్ హెల్ప్‌లైన్ 0800 787 797కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, విషయం గోప్యంగా ఉంచుతారు.

పక్క గదిలో మనవాడు ఒంటరిగా తాగుతుంటే తిట్టేముందు ఒక్కసారి పలకరిద్దాం. ఎబీ చేసింది అదే, స్నేహితుడి తలుపు తట్టాడు.