సంకెళ్లలోనూ ఆగని రోజుకొక పాట
పెనుకొండలో అన్నమయ్యకు ఎదురైన పరీక్ష

పెనుకొండ: హిందూపురం నుంచి ధర్మవరం పోయే రైల్లో కూర్చున్నవారికి దారిలో పెనుకొండ కోట కనిపిస్తుంది. కోట అనగానే మనకు శ్రీకృష్ణదేవరాయలు గుర్తుకు వస్తారు. ఆయనకు ముందు కాలంలో ఇక్కడే ఒక భక్తుడు రాజు మాట కాదని సంకెళ్లు వేయించుకున్న సంగతి చాలామందికి తెలియదు. ఆ భక్తుడే తాళ్లపాక అన్నమాచార్యులు.

అన్నమయ్య 1408లో రాజంపేట దగ్గరి తాళ్లపాకలో జన్మించారు. పెద్ద కుటుంబం, ఇంటినిండా పని. పశువులకు గడ్డి కోసుకు రమ్మని పంపితే కొడవలి తగిలి చిటికెన వేలు తెగింది. ఆ బాధలోనే ఇల్లు విడిచి, గోవిందనామం చెప్పుకుంటూ పోతున్న యాత్రికుల వెంట తిరుమల నడిచారు. ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో రాసిన చరిత్రలో ఈ కథ ఉంది.

పదహారవ ఏట, అంటే 1424లో, ఆయన పాటలు కట్టడం మొదలుపెట్టారు. స్వామికి రోజుకు ఒక్క పాటైనా సమర్పించాలన్నది ఆయన నియమం. అందుకోసం సంసారం వదలలేదు. తిమ్మక్క, అక్కలమ్మలను వివాహమాడి, బిడ్డలను పెంచి, అహోబిలంలో శాస్త్రం చదువుకున్నారు. తిమ్మక్క కూడా సుభద్రా కల్యాణం రాసిన కవయిత్రి. ఇంటి పని, పూజ, పాట ఒకే కప్పు కింద సాగాయి.

ఆయన కీర్తి సాళువ నరసింహుని చెవిన పడింది. తర్వాత 1485లో విజయనగర సింహాసనం ఎక్కినవాడు ఇతడే. పెనుకొండలో ఉన్న రోజుల్లో అతడు అన్నమయ్యను పిలిపించుకుని గౌరవించాడు. వేంకటేశ్వరుని మీద కట్టిన పాట విని మురిసిపోయి, అలాంటిదే తన మీద ఒకటి కట్టమని కోరాడు. అన్నమయ్య చెవులు మూసుకున్నారు. హరిని కొలిచే నాలుకతో మనిషిని పొగడలేనన్నారు. రాజుకు కోపం వచ్చి, సంకెళ్లు వేయించి చెరలో పెట్టించాడు.

ఒక్క పాట కడితే మాన్యాలు, పల్లకీలు వచ్చేవి. కట్టనందుకు ఇనుము మిగిలింది. అయినా చెరలోనూ ఆయన స్వామినే పాడారు. ఆ పాటకు సంకెళ్లు ఊడిపోయాయనీ, రాజు వచ్చి క్షమాపణ వేడుకున్నాడనీ చిన్నన్న రాశారు. సంకెళ్లు ఊడిన మాట ఎవరి నమ్మకం వారిది. చెరలో ఉన్నా ఆయన పాట మానలేదన్నది మాత్రం మనం గుర్తుంచుకోదగిన విషయం.

1503లో కన్నుమూసే వరకు, 79 ఏళ్లపాటు ఆ నియమం నడిచింది. మొత్తం 32 వేల పాటలని చెబుతారు. లెక్క వేసి చూస్తే రోజుకు ఒకటి కంటే ఎక్కువే. కడపటి రోజుల్లో ఈ బాధ్యతను కుమారుడు పెదతిరుమలాచార్యులకు అప్పగించారు. ఆ పాటలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో ఒక చిన్న గదిలో భద్రపరిచారు. శతాబ్దాలపాటు ఆ గదిని ఎవరూ పట్టించుకోలేదు. 1922లో రేకులు వెలుగు చూశాయి. ఇప్పుడు మనకు దక్కినవి సగానికి తక్కువే.

దొరికిన పాటలకు రాగాలు కట్టినవారిలో ముఖ్యులు మన పాత అనంతపురం జిల్లావారే కావడం విశేషం. రాళ్లపల్లి గ్రామంలో 1893లో పుట్టిన అనంతకృష్ణశర్మగారు తిరుమల తిరుపతి దేవస్థానం తరఫున ఆ పని చేశారు. పెనుకొండలో చెర చూసిన పాట, ఈ జిల్లా బిడ్డ చేతిమీదుగా మళ్లీ జనం నోటికి వచ్చింది.

అన్నమయ్య పండితుల కోసమే పాడలేదు. వడ్లు దంచే సువ్వి, పిల్లలను నిద్రపుచ్చే లాలి, పండుగనాటి గొబ్బి, జాజర, అన్నింటినీ స్వామికి ముట్టజెప్పారు. పని ఎక్కడ ఉంటే భక్తి అక్కడే ఉండవచ్చని చూపారు.

భక్తికి తీరిక లేదని మనం అనుకుంటాం. పండుగనాడు గుడికి పోయి, మర్నాడు మరచిపోతాం. పెద్ద మొక్కులు మొక్కి తీర్చలేక బాధపడతాం. అన్నమయ్య పెట్టుకున్నది చిన్న మొక్కు, రోజుకు ఒకటే. కాని దాన్ని ఏ రోజూ తప్పనివ్వలేదు. పొద్దున మడక కట్టే ముందు, రాత్రి దీపం పెట్టిన తరువాత, ఎవరి దేవుణ్ణి వారు నిండు మనసుతో తలచుకోవడానికి ఖర్చు లేదు. రేపు కూడా మానకుండా చేయడమే కష్టం. ఆ కష్టాన్ని ఆయన 79 ఏళ్లు ఇష్టంగా మోశారు.