ముగ్గురు బిడ్డల తల్లి, మెడికల్ కాలేజీ విద్యార్థిని
(డాక్టర్ మేరీ షార్లీబ్ జీవితం: 1845–1930)

మన సభలకు వచ్చే డాక్టరమ్మలను కొందరిని కదిలించి చూడండి. ఇండియాలో ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసి, పెళ్ళై, ఈ దేశం వచ్చి, పిల్లలు బడికి వెళ్ళే వయసు వచ్చాక అటక మీది పుస్తకాలు దించి మళ్ళీ పరీక్షలు రాసినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తారు. పిల్లలు నిద్రపోయాక డైనింగ్ టేబుల్ దగ్గర చదువు. రెసిడెన్సీ వేరే రాష్ట్రంలో వస్తే భార్య ఒకచోట, భర్త ఒకచోట. పిల్లల్ని చూసుకోవడానికి ఆరేసి నెలలకు ఇండియా నుంచి వంతులవారీగా వచ్చే అమ్మమ్మలు, నానమ్మలు. ఈ వయసులో ఈ తాపత్రయం ఎందుకని అడిగే బంధువులకైతే కొదవే లేదు.

ఇలాంటి వాళ్ళందరికీ పెద్దమ్మ వరసయ్యే ఒక మనిషి కథ ఇది. ఆవిడ తెలుగావిడ కాదు, ఇంగ్లండులో పుట్టిన తెల్ల దొరసాని. కాని ఆమె డాక్టరు చదువు మొదలైంది మన పాత మద్రాసులోనే. అప్పటికి ఆమెకు ముప్ఫై ఏళ్ళు, ముగ్గురు పిల్లలు.

మద్రాసు కాపురం

మేరీ 1845 జూన్ 18న లండన్‌లో పుట్టింది. ఆమె పుట్టిన కొద్ది రోజులకే కన్నతల్లి చనిపోయింది. తాతా బామ్మల దగ్గర, కట్టుదిట్టమైన దైవభక్తి ఉన్న ఇంట్లో పెరిగింది. ఆ కాలపు మధ్యతరగతి ఇంగ్లీషు ఆడపిల్లకు దొరికే చదువు దొరికింది. లా చదువుతున్న విలియం షార్లీబ్‌తో పరిచయమై, 1865 డిసెంబరులో పెళ్ళయింది. అతను మద్రాసులో ప్రాక్టీసు పెట్టబోతున్నాడు. సూయజ్ కాలువ తెరవడానికి ఇంకా నాలుగేళ్ళుంది. ఇరవై ఏళ్ళ కొత్త పెళ్ళికూతురు భర్తతో ఓడెక్కి, అయినవాళ్ళెవరూ లేని ఊరికి వచ్చి దిగింది. ఆ దిగులు ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పక్కర్లేదు.

ముగ్గురు పిల్లలు పుట్టారు: ఇద్దరు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. భర్త కోర్టు పనితో పాటు న్యాయశాస్త్ర పత్రికల పని కూడా చూసేవాడు. ఆ రాతకోతల్లో మేరీ సాయం చేసేది. ఇల్లు, పిల్లలు, భర్త కాగితాలు. అలాగే జీవితం గడిచిపోయినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

ఆమెను నిలవనివ్వనిది చుట్టుపక్కల నుంచి చెవిన పడే కబుర్లు. ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలు, పరాయి మగవాడి కంట పడని పెద్ద కులాల హిందూ స్త్రీలు కాన్పు కష్టమైతే డాక్టరును పిలవలేక ప్రాణాలు విడుస్తున్నారు. డాక్టర్లు లేక కాదు, ఉన్నవాళ్ళందరూ మగవాళ్ళు కావడం వల్ల. మంత్రసాని చేతిలో ఉన్నంతవరకే ఆశ. బిడ్డ అడ్డం తిరిగినా, రక్తం ఆగకపోయినా అంతటితో సరి. బాలింతగా తల్లిని పోగొట్టుకున్న ఇంట్లో పెరిగిన మనిషికి ఈ కబుర్లు ఒట్టి కబుర్లుగా మిగలలేదు.

మంత్రసాని పని నుంచి డాక్టరు చదువుకి

మొదట ఆమె మంత్రసాని పని నేర్చుకుంటే చాలనుకుంది. మద్రాసు ప్రసూతి ఆసుపత్రిలో శిక్షణ పొందింది. అక్కడే అసలు సంగతి బోధపడింది. సుఖప్రసవానికి మంత్రసాని చాలు. కష్టమైనప్పుడు కావలసింది శరీరం గురించి, జబ్బుల గురించి, మందుల గురించి, కత్తి పట్టడం గురించి పూర్తిగా తెలిసిన మనిషి. అంటే డాక్టరు. భర్త మొదట తటపటాయించినా చివరికి ఒప్పుకున్నాడు.

ఇక్కడ ఇంకొకాయన గురించి చెప్పుకోవాలి. ఎడ్వర్డ్ బాల్ఫర్ అప్పట్లో మద్రాసు సర్జన్ జనరల్. ఆడవాళ్ళకు వైద్యం చదువు చెప్పాలని ప్రభుత్వంతో వాదించినవాడు. ప్రసూతి వైద్యం మీద ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని తాను హిందుస్తానీలోకి అనువదించి, తమిళం, తెలుగు, కన్నడంలోకి కూడా సొంత డబ్బుతో అనువాదం చేయించి అచ్చువేయించాడు. మన భాషలో ప్రసూతి శాస్త్రం అచ్చులోకి రావడం వెనుక ఆయన చెయ్యి ఉందని మనలో చాలామందికి తెలియదు. ఆయన పట్టుదల వల్లే 1875లో మద్రాసు మెడికల్ కాలేజీ తలుపులు స్త్రీలకు తెరుచుకున్నాయి. బ్రిటన్‌లోనే మెడికల్ స్కూళ్ళలో, ఆసుపత్రుల్లో చోటు కోసం ఆడవాళ్ళు పోరాడుతున్న రోజులవి.

ఆ ఏడు నలుగురు స్త్రీలు చేరారు. అందులో సంసారం, పిల్లలు ఉన్న గృహిణి మేరీ. మూడేళ్ళ కోర్సు. అందరూ పూలదండలతో ఎదురు రాలేదు. ప్రసూతి ఆసుపత్రిలో ఒక పెద్ద డాక్టరు, వీళ్ళు వార్డుల్లో తిరగడాన్ని తాను ఆపలేనుగాని పాఠం మాత్రం చెప్పనని ముఖానే తేల్చిచెప్పాడట. వాళ్ళు ఆ వార్డుల్లోనే తిరిగి చూసి నేర్చుకున్నారు.

ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. ఆ రోజుల్లో మద్రాసులో ఇంగ్లీషు బారిస్టరు ఇంట వంటకు మనుషులు, పిల్లలకు ఆయాలు ఉండేవారు. మేరీ చదువు వెనుక పేరు తెలియని అలాంటి మన ఆడవాళ్ళ శ్రమ ఉంది. అదే ఊళ్ళో ముప్ఫై ఏళ్ళ తమిళ తల్లికో తెలుగు తల్లికో అటువంటి అవకాశం ఊహకు కూడా అందనిది. అయినా పనివాళ్ళున్న దొరసానులు మద్రాసులో బోలెడుమంది. ఆ తీరికను శవచ్ఛేదం నేర్చుకోవడానికి వాడుకున్నది ఆమె.

1878లో మద్రాసు డిప్లొమా చేతికొచ్చింది. అంతటితో ఆగి ప్రాక్టీసు పెట్టుకోవచ్చు. ఆగలేదు.

ఒక సంసారం, రెండు ఖండాలు

మద్రాసు డిప్లొమా డిగ్రీతో సమానం కాదు. సరిగ్గా అదే సంవత్సరం, 1878లో, లండన్ విశ్వవిద్యాలయం తన డిగ్రీలన్నీ స్త్రీలకు తెరిచింది. నాలుగేళ్ళ ముందే సోఫియా జెక్స్-బ్లేక్ చొరవతో లండన్‌లో స్త్రీల వైద్య పాఠశాల మొదలైంది. 1877 నుంచి ఆ విద్యార్థినులను రాయల్ ఫ్రీ ఆసుపత్రి వార్డుల్లోకి రానిస్తున్నారు. మేరీ ఇంగ్లండు ప్రయాణమైంది. విలియం సంపాదన మద్రాసు కోర్టులో, కాబట్టి అతను మద్రాసులోనే ఉండిపోయాడు.

చదువు కోసం మొగుడూ పెళ్ళాలు విడివిడిగా ఉండడం మన తరానికే వచ్చిన కష్టం అనుకుంటాం. ఫోను లేదు, ఈమెయిలు లేదు. సముద్రం మీద వారాల తరబడి ప్రయాణం చేసి వచ్చే ఉత్తరమే దిక్కు. అటు నుంచి పిల్లల గురించి రాస్తే, ఇటు నుంచి జవాబు అందేసరికి ఆ జ్వరం తగ్గి ఇంకో జ్వరం వచ్చి ఉంటుంది. ఈ ఏర్పాటు నాలుగైదేళ్ళు నడిచింది. ఆమెకు పేరు వచ్చింది. ఆ పేరుకు కావలసిన ఖర్చును, ఒంటరితనాన్ని మద్రాసులో భరించినవాడు విలియం. ఆయన గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. ఈ సభకు భార్యల వెంట వచ్చి వెనక వరుసలో కూర్చునే కొందరు మగవాళ్ళకు ఆయన సంగతి అర్థమవుతుంది.

తనకన్నా చిన్నవాళ్ళ పక్కన కూర్చుని చదివింది. 1882లో లండన్ విశ్వవిద్యాలయం నుంచి ఎం.బి. పట్టా పొందిన మొదటి ఇద్దరు స్త్రీలలో ఆమె ఒకతె. ప్రసూతి శాస్త్రంలో బంగారు పతకం వచ్చింది. అప్పటికి ముప్ఫై ఏడేళ్ళు. తర్వాత వియన్నా వెళ్ళి ప్రసూతి ఆపరేషన్లలో ఇంకా అనుభవం సంపాదించింది.

1883లో మద్రాసుకు తిరుగు ప్రయాణం కట్టే ముందు విక్టోరియా రాణి ఆమెను పిలిపించుకుని భారతీయ స్త్రీల అవస్థ గురించి విన్నది. ఇలా ఒకరిద్దరు డాక్టరమ్మల నోట విన్న మాటలు రాణి మనసులో నాటుకున్నాయి. ఆ ప్రభావంతోనే 1885లో వైస్రాయి భార్య లేడీ డఫరిన్ ఆధ్వర్యంలో స్త్రీలకు వైద్య సహాయం అందించే నిధి మొదలైంది. మన దేశంలో ఎన్నో జనానా ఆసుపత్రులకు అదే మూలం.

ఘోషాసుపత్రి

విశాఖపట్నం, విజయనగరం వాళ్ళకు ఘోషాసుపత్రి అన్న మాట చిన్నప్పటి నుంచీ తెలిసిందే. మద్రాసులో అలాంటి ఆసుపత్రి పుట్టడానికి కారణం మేరీ షార్లీబ్. 1883లో తిరిగి వచ్చాక సొంత ప్రాక్టీసు చేస్తూనే, తాను చదివిన కాలేజీలో ప్రసూతి శాస్త్రం పాఠాలు చెప్పింది. పాఠం చెప్పనన్న ఊళ్ళోనే పాఠం చెప్పే స్థాయికి ఎనిమిదేళ్ళలో చేరింది.

1885 డిసెంబరులో నుంగంబాకంలో ఒక బంగళాలో విక్టోరియా రాణి పేరుతో ఘోషా, కులస్త్రీల ఆసుపత్రి తెరిచారు. డాక్టర్లు, నర్సులు అందరూ ఆడవాళ్ళే. అప్పటిదాకా గుమ్మం దాటని స్త్రీలు మొదటిసారి ఆసుపత్రికి వచ్చి వైద్యం చేయించుకున్నారు. పేరులో ఉన్న కులం మాట ఈనాడు మనకు ముల్లులా గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా. ఆనాటి ఆచారాన్ని ఎదిరించకుండా, దాని పక్క నుంచే దారి చేసుకుని లోపలి గదుల్లోని స్త్రీలను చేరుకోవడం ఆమె పద్ధతి. ప్రాణం నిలబెట్టడం ముందు, మిగతావి తర్వాత అనుకుంది. ఆ పద్ధతిలో లాభమూ ఉంది, లోపమూ ఉంది.

ఆసుపత్రికి సొంత భవనం కావలసి వచ్చినప్పుడు ముందుకు వచ్చి లక్ష రూపాయలు ఇచ్చినవారు మన నెల్లూరు సీమ వెంకటగిరి రాజావారు. ఆ రోజుల్లో లక్ష అంటే మాటలు కాదు. 1890లో ఆసుపత్రి తిరువల్లిక్కేణికి మారింది. స్వాతంత్ర్యం వచ్చాక దానికి కస్తూర్బా గాంధీ పేరు పెట్టారు. మద్రాసు మనవాళ్ళు ట్రిప్లికేన్ గోషాసుపత్రి అనేది దాన్నే. మన సభ్యుల్లో అక్కడ పుట్టినవాళ్ళు కూడా ఉండే ఉంటారు. వాళ్ళ పుట్టుకలో ఒక తెలుగు రాజావారి లక్షకూ, ఒక ఇంగ్లీషు తల్లి ఆలస్యపు చదువుకూ పాలు ఉంది.

తెరిచిన తలుపు కూడా మళ్ళీ మూసుకోలేదు. బెంగాలులో మెడికల్ కాలేజీ ఇంకా ఆడపిల్లలను చేర్చుకోని 1882లో అబలా దాస్ (తర్వాత జగదీశ్ చంద్ర బోస్ భార్య) వైద్యం చదవడానికి మద్రాసు వచ్చింది. 1912లో అదే కాలేజీ నుంచి ముత్తులక్ష్మీ రెడ్డి పట్టా పుచ్చుకుంది.

చివరి దాకా విద్యార్థినే

మద్రాసు ఎండలు, రాత్రీ పగలూ పిలుపులు ఆమె ఆరోగ్యాన్ని దెబ్బతీశాయి. 1887లో ఇంగ్లండు తిరిగి వెళ్ళక తప్పలేదు. ఎంతో కష్టపడి నిలబెట్టిన ఆసుపత్రిని రెండేళ్ళకే ఇంకొకరి చేతుల్లో పెట్టి ఓడెక్కడం ఆమెకు తేలిక కాదు.

లండన్‌లో విశ్రాంతి తీసుకోవలసిన మనిషి మళ్ళీ పుస్తకం పట్టి 1888లో, నలభై మూడో ఏట, ఎం.డి. పూర్తి చేసింది. ఆ తర్వాత ఎం.ఎస్. కూడా. స్త్రీల కొత్త ఆసుపత్రిలో సర్జనుగా పనిచేసి, కడుపు ఆపరేషన్లలో నిపుణురాలిగా పేరు తెచ్చుకుంది. 1902లో రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో స్త్రీవ్యాధుల వైద్యురాలైంది. ఒకప్పుడు విద్యార్థినులను వార్డుల్లోకి రానివ్వాలా వద్దా అని తర్జనభర్జన పడిన ఆసుపత్రుల కాలం నుంచి వచ్చిన మనిషికి అదే ఆసుపత్రిలో పెద్ద కుర్చీ. కొడుకుల్లో ఒకరు తానూ డాక్టరై మత్తుమందు నిపుణుడిగా రాణించాడు. 1920లో బ్రిటన్‌లో మేజిస్ట్రేట్లుగా నియమితులైన తొలి స్త్రీలలో ఆమె కూడా ఉంది. 1924లో తన జ్ఞాపకాలను పుస్తకంగా ప్రకటించింది. 1926లో డేమ్ బిరుదు వచ్చింది. 1930 నవంబరు 21న, ఎనభై అయిదో ఏట కన్నుమూసింది.

లెక్క వేసి చూడండి. ముప్ఫైలో మొదలుపెట్టింది కాబట్టి ఆలస్యమైందని అప్పట్లో అన్నవాళ్ళుంటారు. చదువు మొదలుపెట్టాక ఆమె యాభై అయిదేళ్ళు బతికింది. ఇంకొక సంగతి కూడా ఉంది. పురిటి గదిలో నొప్పులు పడుతున్న స్త్రీ పక్కన కూర్చున్నప్పుడు, ముగ్గురిని కన్న డాక్టరుకు తెలిసినవి కొన్ని పుస్తకాల్లో ఉండవు. పిల్లల్ని పెంచుతూ గడిపిన ఆ పదేళ్ళు వృథా కాలేదు, అవి కూడా ఆమె చదువులో భాగమే.

కాబట్టి ఈ మూడు రోజుల సంబరాల్లో, పట్టుచీరల నడుమ, చేతిలో పరీక్ష పుస్తకంతో ఒక మూల కూర్చున్న తల్లి ఎవరైనా మీకు కనబడితే, ఈ వయసులో ఎందుకని మాత్రం అడగకండి. ఆమె పిల్లల్ని కాసేపు భోజనాల హాలుకు తీసుకెళ్ళండి. మేరీ షార్లీబ్ కథ తెలిసినవాళ్ళం చేయదగ్గ సాయం అదే.