మేడం క్యూరీ తొలి తరగతులు

1891 నవంబరు 3వ తేదీన పారిస్ నగరమందలి సోర్బన్ విద్యాపీఠమున తరగతులు ప్రారంభమయ్యెను. ప్రవేశపత్రమున మారీ అని ఫ్రెంచివారి రీతిని పేరు వ్రాసికొన్న పోలెండు యువతి మార్యా స్క్లొదోవ్‌స్కా ముందు వరుసలో కూర్చుండెను. లోకము పిమ్మట మేడం క్యూరీయని కొనియాడినది ఈమెనే.

వార్సా విశ్వవిద్యాలయమున నాడు స్త్రీలకు ప్రవేశము లేదు. పారిస్‌లో వైద్యము చదువుచున్న అక్క బ్రోన్యాకు డబ్బు పంపుటకై ఈమె పరుల యిండ్లలో పిల్లలకు చదువు చెప్పుచు ఏండ్లు గడపెను. తుదకు తన వంతు వచ్చినది. జర్మనీ మీదుగా నాల్గవ తరగతి రైలుపెట్టెలో, వెంట తెచ్చుకొన్న మడతపీటపై కూర్చుండి వచ్చెను.

ఇంత తపించి వచ్చినామెకు మొదట తెలిసినది తన కొఱతయే. ఫ్రెంచి బాగుగా వచ్చుననుకొన్నది. ఆచార్యులు వేగముగా మాటాడుచుండ వాక్యములకు వాక్యములే జారిపోయెను. చదివి నేర్చిన భాష వేఱు, చెవిని బడు భాష వేఱు. భాష చెప్పు ఉపాధ్యాయులకు ఇది క్రొత్త సంగతి కాదు. గణితమునను, భౌతికశాస్త్రమునను స్వయముగా చదివినది చాలదని తేలెను. ఆ వారముననే, 7వ తేదీన, ఆమెకు 24 ఏండ్లు నిండెను.

అక్కగారి యింటినుండి గుఱ్ఱపుబండిలో గంటసేపు ప్రయాణము. కొన్ని నెలలకు విద్యాపీఠము చేరువ నొక చిన్నగదికి మారెను. 1893లో భౌతికశాస్త్ర పట్టపరీక్షలో ప్రథమస్థానము పొందెను. 1894లో గణితమున ద్వితీయస్థానము.