హెర్మన్ వాన్ హెల్మ్‌హోల్ట్జ్

హెర్మన్ లుడ్విగ్ ఫెర్డినాండ్ వాన్ హెల్మ్‌హోల్ట్జ్ (ఆగష్టు 31, 1821 - సెప్టెంబర్ 8, 1894) జర్మనీ దేశానికి చెందిన సుప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రవేత్త, భౌతిక శాస్త్రవేత్త, వైద్యుడు. శక్తి నిత్యత్వ నియమాన్ని గణిత రూపంలో ప్రతిపాదించిన వారిలో ముఖ్యుడు. నాడిలో ప్రేరణ ఎంత వేగంతో ప్రయాణిస్తుందో మొదటిసారిగా కొలిచాడు. గాలులు, మేఘాలు, హిమానీనదాల గురించి కూడా పరిశోధించాడు. మనిషి చెయ్యి కదలడానికీ, ఆకాశంలో మేఘం కదలడానికీ వేర్వేరు నియమాలు ఉండనవసరం లేదనే నమ్మకం ఆయన పరిశోధనలన్నిటికీ పునాది.

బాల్యం, విద్యాభ్యాసం

హెల్మ్‌హోల్ట్జ్ ప్రష్యా రాజ్యంలోని పోట్స్‌డామ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు, తత్వశాస్త్రంపై మక్కువ గలవాడు. హెల్మ్‌హోల్ట్జ్‌కు భౌతిక శాస్త్రం చదవాలని కోరిక. కాని ఆ చదువు చెప్పించే స్తోమత ఇంట్లో లేదు. సైన్యంలో ఎనిమిదేళ్ళు వైద్యుడిగా పనిచేస్తానని ఒప్పుకున్నవారికి బెర్లిన్‌లోని ఒక ప్రభుత్వ సంస్థలో వైద్యవిద్య ఉచితంగా లభించేది. ఆ విధంగా 1838లో ఆయన వైద్య విద్యార్థి అయ్యాడు. గణితాన్ని చాలావరకు సొంతంగానే నేర్చుకున్నాడు. తరువాత ఆయన సాధించినదానిలో ఎక్కువ భాగం ఈ ఇష్టంలేని చదువు పెట్టిన భిక్షే అనిపిస్తుంది. వైద్యుడు కాకపోయి ఉంటే కండరాన్ని చూసి శక్తి గురించి ఆలోచించే అవకాశం ఆయనకు కలిగేది కాదు.

జీవశక్తి వివాదం

బెర్లిన్‌లో ఆయన గురువు జొహానెస్ ముల్లర్. ప్రాణుల శరీరాన్ని నడిపేది ఒక ప్రత్యేకమైన జీవశక్తి అనే అభిప్రాయం ఆనాటి వైద్యులలో బలంగా ఉండేది. ముల్లర్‌ది కూడా ఇంచుమించు అదే అభిప్రాయం. ఆయన శిష్యులైన హెల్మ్‌హోల్ట్జ్, ఎమిల్ డు బోయ్-రేమాన్, ఎర్నెస్ట్ బ్రూకె మాత్రం దీనిని అంగీకరించలేదు. ఎక్కడినుంచీ తెచ్చుకోకుండా, ఎంత వాడినా తరగకుండా శరీరం తన శక్తిని తానే పుట్టించుకోగలిగితే, ప్రతి ప్రాణీ ఒక నిరంతర చలన యంత్రం అవుతుంది. అటువంటి యంత్రం అసాధ్యమని భౌతిక శాస్త్రం అప్పటికే నిర్ణయించింది. హెల్మ్‌హోల్ట్జ్ వాదనకు కీలకం ఇదే.

1843 నుంచి పోట్స్‌డామ్‌లో సైనిక వైద్యుడిగా పనిచేస్తూ సిపాయిల బారకాసులోనే ఒక చిన్న ప్రయోగశాల ఏర్పాటు చేసుకున్నాడు. కప్ప కాలి కండరాలకు విద్యుత్తు తగిలించి, అవి పనిచేసిన తరువాత వాటిలోని రసాయన పదార్థాలు మారుతున్నాయని 1845లో చూపించాడు. ఆ తరువాత డిగ్రీలో వెయ్యోవంతు తేడాను కూడా పసిగట్టే ఉష్ణమాపకాన్ని తయారుచేసి, రక్తప్రసరణతో సంబంధం లేకుండానే కండరం ముడుచుకునేటప్పుడు వేడి పుడుతుందని రుజువు చేశాడు. కదలికకు ఖర్చు ఉంది, ఆ ఖర్చు ఆహారం నుంచే రావాలి అన్నది దీని సారాంశం.

ఇదే ఆలోచనను విశ్వమంతటికీ విస్తరించి, 1847 జులై 23న బెర్లిన్ భౌతిక శాస్త్ర సంఘంలో శక్తి నిత్యత్వంపై ప్రసంగించాడు. అప్పటికి ఆయన వయస్సు 25 సంవత్సరాలు. ప్రముఖ పత్రిక సంపాదకుడు పొగెండార్ఫ్ ఈ వ్యాసంలో ప్రయోగాల కంటె సిద్ధాంతమే ఎక్కువగా ఉందని తిప్పి పంపాడు. అందువల్ల అది చిన్న పుస్తకంగా వెలువడింది. రాబర్ట్ మాయర్ 1842లోనే ఇటువంటి భావన ప్రకటించాడు, ఇంగ్లాండులో జేమ్స్ జౌల్ ప్రయోగాలు చేస్తున్నాడు. ఈ ఘనత ఎవరిదనే తగాదా చాలా కాలం నడిచింది. మాయర్ ముందున్నాడని హెల్మ్‌హోల్ట్జ్ తరువాత ప్రసంగాలలో ఒప్పుకున్నాడు.

నాడి వేగం

అలెగ్జాండర్ వాన్ హంబోల్ట్ సిఫారసుతో సైనిక ఒప్పందం గడువుకు ముందే ముగిసింది. 1849లో కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగంలో చేరి, ఓల్గా వాన్ వెల్టెన్‌ను వివాహం చేసుకున్నాడు. ఆయన ప్రయోగాలలో కొలతలు రాసిపెట్టినది ఈమే.

నాడిలో ప్రేరణ వేగం కొలవడం మనుషులకు సాధ్యం కాదని గురువు ముల్లర్ భావించాడు. హెల్మ్‌హోల్ట్జ్ పద్ధతి ఇలా ఉండేది. కప్ప కాలి నాడిపై ఒకచోట విద్యుత్తు తగిలించిన క్షణంలోనే మరొక వలయంలో విద్యుత్ ప్రవాహం మొదలవుతుంది. కండరం ముడుచుకుని బరువును ఎత్తగానే ఆ ప్రవాహం తెగిపోతుంది. గాల్వనోమీటరు ముల్లు ఎంత కదిలిందో చూస్తే ఎంతకాలం గడిచిందో తెలుస్తుంది. కండరానికి దగ్గరగా ఒకసారి, కొన్ని సెంటీమీటర్లు దూరంగా మరొకసారి ఇలా చేస్తే, రెండు కాలాల మధ్య తేడా సెకనులో వెయ్యింట ఒకటి రెండు వంతులు వచ్చింది. దానినిబట్టి వేగం సెకనుకు సుమారు 27 మీటర్లు. ఇది గాలిలో ధ్వని వేగంలో పదోవంతు కూడా కాదు. నాడిని చల్లబరిస్తే వేగం ఇంకా తగ్గింది.

1850లో ఈ ఫలితం వెలువడినప్పుడు నమ్మనివారిలో కన్నతండ్రి కూడా ఉన్నాడు. తలపుకూ చేతకూ మధ్య కాలం గడుస్తుందంటే, మనస్సు శరీరానికి కట్టుబడి ఉన్నట్లు అవుతుందని ఆ తత్వశాస్త్ర ప్రియుడికి ఇబ్బంది. 1867లో నికొలాయ్ బాక్స్ట్ అనే రష్యను పరిశోధకుడితో కలిసి మనిషి చేతిమీద, బొటనవేలి కండరాన్ని ఆధారం చేసుకుని, కొలత తీశారు. మధుమేహం వల్ల నాడులు దెబ్బతిన్నవారికి నేటి ఆసుపత్రులలో చేసే నాడీ ప్రసరణ పరీక్ష మూలసూత్రం కూడా ఇదే: నాడిపై రెండు చోట్ల విద్యుత్తు తగిలించి, కండరం స్పందించే కాలాల తేడా చూడటం.

కన్ను, చెవి

1851లో రోగి కంటి లోపలి రెటీనాను చూడగల ఆప్తాల్మోస్కోపు అనే పరికరాన్ని ప్రకటించాడు. ఆయనకు పేరు తెచ్చినది ముందు ఇదే. బాన్ (1855), హైడెల్బర్గ్ (1858) విశ్వవిద్యాలయాలలో పనిచేస్తూ దృష్టిపైనా, ధ్వనిపైనా పెద్ద గ్రంథాలు రాశాడు. 1863లో వచ్చిన ధ్వని గ్రంథం తనను బాగా ప్రభావితం చేసిందని విశాఖపట్నంలో చదువుకున్న చంద్రశేఖర వెంకట రామన్ పేర్కొన్నాడు. 1859లో ఓల్గా మరణించింది. 1861లో అన్నా వాన్ మోల్‌ను వివాహమాడాడు.

గాలులు, మేఘాలు, సూర్యుడు

సూర్యుడు తన బరువుకు తానే కుంచించుకుపోవడం వల్ల వేడి పుడుతున్నదని, గాలులు, వానలు, మొక్కలు, జంతువులు అన్నీ ఆ శక్తిమీదే నడుస్తున్నాయని 1854లో ప్రసంగించాడు. రెండవ మాట నిలిచింది. మొదటిదాని ప్రకారం సూర్యుడి వయస్సు కొన్ని కోట్ల సంవత్సరాలకు మించదు. భూమి వయస్సే అంతకంటె చాలా ఎక్కువని, సూర్యునిలో జరిగేది కేంద్రక సంలీనమని ఇరవయ్యవ శతాబ్దంలో తేలింది.

1858లో ద్రవాలలో సుడుల గురించి రాసిన వ్యాసం గణితపరంగా ఆయన ఉత్తమ రచనలలో ఒకటి. 1888 తరువాత వాతావరణంపై దృష్టి పెట్టాడు. చల్లని, బరువైన గాలి పొరమీద వెచ్చని, తేలికైన గాలి పొర వేరే వేగంతో జారుతుంటే వాటి సరిహద్దులో, సముద్రంమీద లేచినట్లే, అలలు లేస్తాయి. అవి పెరిగి, విరిగి, రెండు పొరలనూ కలిపేస్తాయి. ఆకాశంలో వరుసలుగా కనిపించే అలల మేఘాలకు కారణం ఇదే. దీనిని కెల్విన్-హెల్మ్‌హోల్ట్జ్ అస్థిరత్వం అంటారు. వాతావరణం, సముద్రాల లెక్కలలో ఇది నేటికీ అవసరమే.

బెర్లిన్, చివరి సంవత్సరాలు

1871లో బెర్లిన్‌లో భౌతిక శాస్త్ర ఆచార్యుడయ్యాడు. కోరుకున్న శాస్త్రానికి చేరేసరికి యాభై ఏళ్ళు నిండవచ్చాయి. రేడియో తరంగాలను కనుగొన్న హైన్రిఖ్ హెర్ట్జ్ ఇక్కడ ఆయన శిష్యుడు. మాక్స్ ప్లాంక్ కూడా కొంతకాలం పాఠాలు విన్నాడు. పాఠం సిద్ధం చేసుకోకుండా వచ్చేవాడనీ, బల్లమీద లెక్కలు తప్పేవాడనీ ప్లాంక్ జ్ఞాపకాలవల్ల తెలుస్తున్నది.

కొలతల ప్రమాణాలకోసం వెర్నర్ వాన్ సీమెన్స్ ఇచ్చిన స్థలంలో 1887లో జాతీయ సంస్థ ఏర్పడింది. 1888లో హెల్మ్‌హోల్ట్జ్ దానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనకు వెళ్ళి తిరిగి వస్తుండగా ఓడ మెట్లమీద పడి తలకు గాయమైంది. 1894 జులైలో పక్షవాతం వచ్చి, సెప్టెంబర్ 8న షార్లటెన్‌బర్గ్‌లో మరణించాడు.

దీపాలకు వెలుగు ప్రమాణం నిర్ణయించే పనిలో భాగంగా, వేడి వస్తువులు వెదజల్లే కాంతిని ఆ సంస్థలో జాగ్రత్తగా కొలిచేవారు. అక్కడ పనిచేసిన విల్హెల్మ్ వీన్ 1893లోనే ఆ వికిరణానికి సంబంధించిన ఒక నియమం ప్రకటించాడు. ఆ తరువాత లుమ్మర్, ప్రింగ్‌షైమ్, రూబెన్స్, కుర్ల్‌బామ్‌ల కొలతలు వీన్ సూత్రంతో సరిపోలేదు. వాటికి సరిపోయే సూత్రం వెతుకుతూ ప్లాంక్, శక్తి గుళికలుగా వెలువడుతుందని 1900 డిసెంబర్ 14న ప్రతిపాదించాడు. క్వాంటం సిద్ధాంతానికి అది ఆరంభం. ఆ సంస్థ వారసత్వాన్ని 1950 నుంచి బ్రౌన్‌ష్వైగ్‌లోని జర్మనీ జాతీయ కొలతల సంస్థ కొనసాగిస్తున్నది.