వాకిళ్ళు పెంచిన రాయలు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాయమని కార్యదర్శిగారు అడిగారు. ముప్పైమూడేళ్ళు ఓవర్సీయరుగా ఇటుక, సున్నం లెక్కలు చూసినవాణ్ణి. కనుక శ్రీకృష్ణదేవరాయల గురించి ఆయన కట్టడాల వైపు నుంచే చెబుతాను. అష్టదిగ్గజాల సంగతి మీకందరికీ తెలిసినదే.

నరసనాయకుని కుమారుడైన రాయలు 1509లో విజయనగర సింహాసనం ఎక్కారు. 1510లో హంపి విరూపాక్షాలయంలో రంగమంటపం, గోపురం కట్టించినట్లు శాసనం ఉన్నది. 1514లో ఉదయగిరి దుర్గం గెలిచి, అక్కడి బాలకృష్ణుని తీసుకువెళ్ళి 1515లో హంపిలో కొత్త గుడిలో ప్రతిష్ఠించారు. చిదంబరం ఉత్తర గోపురంలో ఆయన శిల్పం కూడ ఉన్నది. శ్రీకాళహస్తి నూరుకాళ్ళ మంటపం, పెద్ద గాలిగోపురం 1516 నాటివి.

గమనించారా? చాలచోట్ల గర్భగుడి పాతదే, చిన్నదే. రాయలు దాని జోలికి పోలేదు, వాకిలి పెంచారు. అంత ఎత్తుకు ఉపాయమేమంటే, అడుగున రాయి, పైన ఇటుక, సున్నం. పైకి పోయేకొద్దీ అంతస్తులు సన్నబడతాయి. బొమ్మలు కూడ సున్నపు పనే. బరువంతా కిందనే ఉంటుంది. స్థపతుల లెక్కకు నేటికీ నా నమస్కారం.

శ్రీకాళహస్తి గోపురం నీడలో నా చిన్నప్పుడు మా నాన్నగారు తువ్వాలు పరచి నన్ను పడుకోబెట్టారు. 2008లో మా ఆవిడతో వెళ్ళినప్పుడు దాని గోడలో బీట చూశాను. పడిపోదు గదా అని ఆవిడ అడిగింది. అయిదువందల ఏళ్ళు నిలిచింది, ఎక్కడికి పోతుందిలే అన్నాను. ఉద్యోగంలో అయితే ఆ సాయంత్రమే రిపోర్టు వ్రాసేవాణ్ణి. 2010 మే 26 రాత్రి గోపురం కూలింది. టీవీలో ఆ రాళ్ళగుట్ట చూసి ఆవిడ నా వైపు తిరిగింది, ఏమీ అనలేదు. కొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగింది. మనుమణ్ణి తీసుకువెళ్ళాను గాని, పాతదాని సంగతి చెప్పబోతే గొంతు పెగలలేదు.

రాయలకూ చివరి రోజులు సుఖంగా గడవలేదు. పసివాడైన కొడుకు తిరుమలరాయలకు 1524లో పట్టం కట్టారు. ఆ పిల్లవాడు దక్కలేదు. 1529లో ఆయనా కాలం చేశారు.

ఈసారి తిరుమల వెళితే మహాద్వారం దాటగానే కుడివైపు చూడండి. ఇద్దరు రాణులతో చేతులు జోడించి నిలబడిన లోహవిగ్రహం ఆయనదే. క్యూ తోపులాటలో నేను మూడుసార్లు చూడకుండానే దాటిపోయాను.